ఇంజన్ ఆయిల్ ఎప్పుడూ తాజాగా ఉంచే ఏర్పాట్లు: టిప్పర్‌కి ఏది, ట్రైలర్‌కి ఏది, ప్రొక్లెయిన్‌కి ఏది?

నెల్లూరు ఆటోనగర్‌లోనో, ఒంగోలు నుంచి చీమకుర్తి పోయే దారిలోని షెడ్లలోనో బండి సర్వీసుకి పెట్టి కూర్చుంటే ఏదో ఒకరోజు ఈ మాట వినపడుతుంది: "ఇది ఒక్కటి బిగించుకోండి, ఇక ఆయిల్ మార్చే పనే ఉండదు." ఆ మాట నమ్మి వేలకు వేలు పెట్టినవాళ్లు ఉన్నారు. అసలు వినిపించుకోకుండా ఏటా అంతకంటే ఎక్కువే పోగొట్టుకుంటున్నవాళ్లూ ఉన్నారు. ఎవరికి లాభమో, ఎవరికి దండగో తేలాలంటే ముందు ఆయిల్ ఎందుకు చెడుతుందో రెండు ముక్కల్లో చూడాలి.

## ఆయిల్‌ని పాడుచేసేవి

డీజిల్ మండినప్పుడు పుట్టే మసి ఒకటి. గాలితో పాటు లోపలికి పోయే దుమ్ము రెండోది. సరిగ్గా మండకుండా పిస్టన్ రింగుల పక్కనుంచి కిందకి జారే డీజిల్ మూడోది. వీటితో పాటు, ఆయిల్‌లో కంపెనీవాళ్లు కలిపిన మందులు, అంటే ఆసిడ్‌ని విరిచేవి, మసిని ముద్ద కట్టనివ్వనివి, రోజురోజుకీ ఖర్చయిపోతుంటాయి. ఆసిడ్‌ని విరిచే శక్తి ఎంత మిగిలిందో చెప్పే అంకెను ల్యాబ్ రిపోర్టులో టీబీఎన్ అని రాస్తారు.

"ఆయిల్ నల్లబడిందంటే చెడిపోయినట్టేగా అన్నా?" అని డ్రైవర్లు అడుగుతుంటారు. కాదు. మంచి ఆయిల్ మసిని తనలో కలుపుకుని తిప్పుతుంది కాబట్టే నల్లబడుతుంది. డీజిల్ ఇంజన్‌లో కొత్త ఆయిల్ పోసినా కొద్ది రోజుల్లోనే నల్లగా అవుతుంది. ఆయిల్ కొలిచే పుల్ల బయటికి తీసి రంగు చూసి తీర్పు చెప్పేవాళ్లని పక్కన పెట్టండి. పుల్ల మీద చూడాల్సింది లెవెల్. అది పెరుగుతోందా, తగ్గుతోందా అన్నదే.

## కొనేముందు తేల్చుకోవాల్సినవి

మీ ఇంజన్ రోజుకి ఎన్ని గంటలు తిరుగుతోంది? మొదటి ప్రశ్న ఇదే, అన్నిటికంటే ముఖ్యమైనదీ ఇదే. హైవే లారీకి కిలోమీటర్ల లెక్క సరిపోతుంది. క్వారీ టిప్పర్‌కి సరిపోదు. ఉదాహరణకి ఒక టిప్పర్ రోజుకి అరవై కిలోమీటర్లే తిరుగుతుంది. లోడింగ్ దగ్గర, కాటా దగ్గర, అన్‌లోడింగ్ దగ్గర మాత్రం ఇంజన్ ఆపకుండా నిలబడి మొత్తం పది గంటలు నడుస్తుంది. ఏడాదికి మూడొందల రోజులు వేసుకుంటే మీటర్ మీద 18,000 కిలోమీటర్లు. ఇంజన్ తిరిగింది 3,000 గంటలు. ఆ మీటర్ చూసి "ఇంకా ఇరవై వేలు కూడా కాలేదు" అనుకుంటే ఆయిల్ ఎప్పుడో అయిపోయి ఉంటుంది. కంపెనీ పుస్తకంలో గంటల లెక్క ఉంటే టిప్పర్ వాళ్లు దాన్నే పట్టుకోవాలి.

రెండోది, బండి ఏ బీఎస్, అంటే ఏ పొగ నిబంధనల కింద వచ్చింది? రోడ్డు బండ్లకి 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్ 6 వచ్చింది. లోడర్లు, ప్రొక్లెయిన్‌ల లాంటి మిషన్లకి 2021 ఏప్రిల్‌లో స్టేజ్ 4, 2025 జనవరిలో స్టేజ్ 5 నిబంధనలు వచ్చాయి. పొగగొట్టంలో మసిని పట్టే డీపీఎఫ్ ఉన్న బండికి ఆయిల్ విషయంలో తప్పు చేస్తే ఆ తప్పు ఇంజన్‌తో ఆగదు, డీపీఎఫ్ దాకా పోతుంది.

మూడోది వారంటీ. బండి కంపెనీ ఏఎంసీలో, అంటే ఏడాది సర్వీసు ఒప్పందంలో, ఉంటే ఆయిల్ ఖర్చు చాలావరకు ముందే కట్టేసి ఉంటారు. అలాంటప్పుడు మీరు సొంతంగా కిట్ బిగించి ఆయిల్ మిగిల్చినా మిగిలేది మీకు కాదు. పైగా వారంటీలో ఉన్న బండికి రేపు ఏదైనా అయితే "బయట బిగించారు" అన్న సాకు వాళ్లకి దొరుకుతుంది.

బండి ఒక పూట ఆగితే ఎంత పోతుంది, బిగించిన దాన్ని చూసుకునే మనిషి ఉన్నాడా అన్నవి కూడా ఆలోచించాలి. చూసుకునే మనిషి లేకపోతే కింద చెప్పిన వాటిలో ఏదీ బిగించకపోవడమే మేలు.

## బైపాస్ ఫిల్టర్

ఇంజన్‌కి కంపెనీ ఇచ్చే మామూలు ఫిల్టర్ గుండా ఆయిల్ అంతా పోవాలి. మరీ సన్న జల్లెడ పెడితే బేరింగులకి ఆయిల్ అందదు. అందుకే అది సుమారు పాతిక నుంచి నలభై మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కంటే పెద్ద రేణువుల్నే గట్టిగా పట్టుకుంటుంది. బైపాస్ ఫిల్టర్ పద్ధతి వేరు. ఆయిల్ దారి నుంచి ఐదు, పది శాతం మాత్రం పక్కకి తీసుకుని, చాలా దట్టమైన ఎలిమెంట్ గుండా నిదానంగా వడకట్టి, తిరిగి చాంబర్‌లోకి, అంటే ఇంజన్ కింద ఆయిల్ నిలిచే తొట్టిలోకి, వదులుతుంది. రెండు మూడు మైక్రాన్ల రేణువులు కూడా ఇందులో ఆగుతాయి. బేరింగుల్ని, రింగుల్ని అరగదీసేవి ఎక్కువగా మామూలు ఫిల్టర్ దాటిపోయే ఇలాంటి సన్న రేణువులే.

ఇది చేయలేనివి కూడా ఉన్నాయి. ఆయిల్‌లో కలిసిన డీజిల్‌ని వడకట్టి తీయలేదు. ఖర్చయిపోయిన మందుల్ని తిరిగి ఇవ్వలేదు. మసిలో కొంత భాగం మైక్రాన్‌లో చిన్న వంతే ఉంటుంది కాబట్టి అది ఫిల్టర్ దాటిపోతుంది. బైపాస్ బిగించినా ఆయిల్ నల్లగానే ఉంటుంది. కిట్ బిగించాక తేనె రంగులో ఉన్న ఆయిల్ చూపించి మీకూ ఇలాగే వస్తుందంటే అది డీజిల్ ఇంజన్‌లోది కాదేమో అని అడగండి.

బిగింపు దగ్గర జాగ్రత్త ఒకటుంది. ఆయిల్ ప్రెషర్ ఉన్న చోటు నుంచి ఒక హోస్ బయటికి వస్తుంది. ఆ దారిలో మిల్లీమీటరు చుట్టుపక్కల ఉండే సన్న రంధ్రం ఉన్న నాజిల్ తప్పకుండా ఉండాలి. అప్పుడు హోస్ పగిలినా ఆయిల్ ఒక్కసారిగా పోదు, ప్రెషర్ లైటు వెలిగాక డ్రైవర్ బండి ఆపుకునేంత టైము దొరుకుతుంది. నీళ్ల పైపు లాంటి మామూలు రబ్బరు గొట్టం వేసి క్లిప్ బిగించే మెకానిక్ దగ్గర ఈ పని పెట్టకండి. హైడ్రాలిక్ హోసే వేయాలి, అదీ టర్బోకి తగలకుండా దూరంగా తిప్పాలి.

## సెంట్రిఫ్యూజ్

ఇదీ బైపాసే. వడకట్టడానికి ఎలిమెంట్ ఉండదు. ఆయిల్ ప్రెషర్‌తోనే లోపలి రోటర్ నిమిషానికి వేల చుట్లు తిరుగుతుంది. బరువైన మసి, లోహపు పొడి అంచుకి కొట్టుకుపోయి గోడకి అంటుకుంటాయి.

విప్పి చూస్తే దీని పనితనం తెలుస్తుంది. రోటర్ గోడకి లోపల కాగితం పొర వేసి ఉంటుంది. దాని మీద అంగుళం లోపు మందాన నల్లటి ముద్ద పేరుకుని ఉంటుంది. గట్టి రబ్బరులా ఉంటుంది, చాకుతో కోస్తే అంచు నున్నగా తెగుతుంది. కాగితంతో సహా ఊడదీసి, కొత్త కాగితం వేసి, నాజిల్ రంధ్రాలు సన్న తీగతో శుభ్రం చేసి మూత బిగించాలి. అరగంట పని. ఎలిమెంట్ కొనే ఖర్చు లేదు. కానీ ఆ అరగంట పని ఎవరూ చేయకపోతే ముద్ద నిండిపోయి రోటర్ పనిచేయడం మానేస్తుంది. బయటికి ఏమీ తెలియదు. మంచి ఇంజన్ అయితే ఆపిన తర్వాత కూడా కొన్ని సెకన్లు రోటర్ తిరిగే చప్పుడు వినపడుతుంది. అది వినపడకపోతే విప్పి చూడాల్సిందే.

ఇంజన్ ఆయిల్ ప్రెషర్ బాగా ఉంటేనే ఇది పనిచేస్తుంది. బేరింగులు అరిగి స్లోలో, అంటే యాక్సిలరేటర్ వదిలినప్పుడు, ప్రెషర్ పడిపోతున్న ముసలి ఇంజన్‌కి ఇది పెట్టి లాభం లేదు.

## ఆటోమేటిక్ టాప్‌అప్ ట్యాంకు

పక్కన ఒక చిన్న ట్యాంకులో కొత్త ఆయిల్ ఉంటుంది. చాంబర్‌లో లెవెల్ తగ్గగానే తనంతట తానే అంత మేర పోస్తుంది. జనరేటర్లకి తేలే గుండుతో పనిచేసే సాదా రకం చాలు, ఎందుకంటే అవి కదలవు. బండికి అది కుదరదు. ఘాట్‌లోనో క్వారీ దిగుడులోనో ఆయిల్ ఒక పక్కకి జరిగితే గుండు తప్పు లెవెల్ చూపి ఎక్కువ పోసేస్తుంది. బండ్లకి సెన్సార్, పంపు ఉన్న రకమే తీసుకోవాలి.

దీనివల్ల లెవెల్ తక్కువై ఇంజన్ పట్టేసే ప్రమాదం తప్పుతుంది. కొత్త ఆయిల్‌తో పాటు కొత్త మందులూ లోపలికి పోతాయి. అంతవరకే. "ఆయిల్ తాగే బండికి వేరే ఆయిల్ మార్చక్కర్లేదు, పోస్తూనే ఉన్నాం కదా" అనే వాదన మాత్రం తప్పు. బండి తాగేది ఆయిల్‌నే. దుమ్ము, లోహపు పొడి చాంబర్‌లోనే మిగిలిపోతాయి.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఇది జబ్బుని దాచిపెడుతుంది. ఆయిల్ కారుతున్నా లెవెల్ సరిగ్గానే కనిపిస్తుంది. డీజిల్ కలిసి లెవెల్ పెరుగుతుంటే ట్యాంకు పోయడం ఆపేస్తుంది, అదీ మంచి సంగతిలాగే అనిపిస్తుంది. కాబట్టి ఇది పెట్టుకున్నవాళ్లు వారానికోసారి ట్యాంకు ఎంత తగ్గిందో నోటు పుస్తకంలో రాయాలి. ఆ అంకె హఠాత్తుగా పెరిగినా, తగ్గినా ఇంజన్‌లో ఏదో మొదలైనట్టే.

## పాత ఆయిల్ కాల్చి కొత్తది పోసే పద్ధతి

నిజంగా "తనంతట తానే మారే ఆయిల్" అంటే ఇదొక్కటే. ఇంజన్ నడుస్తుండగానే చాంబర్ నుంచి కొద్దికొద్దిగా పాత ఆయిల్ తీసి డీజిల్‌లో కలిపి కాల్చేస్తుంది. అంతే కొత్త ఆయిల్‌ని ట్యాంకు నుంచి చాంబర్‌లోకి పంపుతుంది. కమ్మిన్స్ కంపెనీ దీన్ని సెంటినెల్ పేరుతో తెచ్చింది. క్యాటర్‌పిల్లర్ పెద్ద గనుల డంపర్లకి ఆయిల్ రెన్యూవల్ సిస్టమ్ అని ఇచ్చింది. గనిలో వంద టన్నుల డంపర్‌ని ఆయిల్ కోసం ఆపడం ఖరీదైన వ్యవహారం కాబట్టి అక్కడ దీనికి అర్థం ఉంది.

దీని లెక్క చాలామంది పట్టించుకోరు. చాంబర్‌లో 24 లీటర్లు పడతాయనుకుందాం. 300 గంటలకోసారి మార్చితే గంటకి 0.08 లీటరు చొప్పున ఖర్చవుతున్నట్టు. ఈ సిస్టమ్ కూడా గంటకి అంతే మారుస్తుందనుకోండి. కొన్నాళ్లకి చాంబర్‌లోని ఆయిల్ సగటు వయసు 300 గంటల దగ్గర నిలబడిపోతుంది. అంటే మామూలుగా డ్రెయిన్ బోల్టు విప్పే రోజున ఆయిల్ ఎంత మురికిగా ఉంటుందో, ఇందులో ఎప్పుడూ సుమారుగా అంతే మురికి. అంతకు మించి పోదు, అంతకంటే తగ్గదు. కాబట్టి దీనివల్ల ఆయిల్ మిగలదు. తప్పేది బండి ఆపాల్సిన అవసరం, పాత ఆయిల్ వదిలించుకునే తలనొప్పి. ఆయిల్ కూడా మిగలాలంటే దీనికి తోడుగా మంచి బైపాస్ ఉండాలి.

డీపీఎఫ్ ఉన్న బండికి ఇది పనికిరాదు. ఆయిల్‌లోని కాల్షియం, జింకు లాంటివి కాలితే బూడిద మిగులుతుంది. మసి అయితే డీపీఎఫ్ తనే కాల్చుకుంటుంది, బూడిదని కాల్చలేదు, అది పేరుకుంటూనే పోతుంది. డీపీఎఫ్ బండ్ల కోసం తెచ్చిన సీజే-4, సీకే-4 ఆయిళ్లలో సల్ఫేటెడ్ యాష్, అంటే కాలితే మిగిలే బూడిద, ఒక శాతానికి మించకూడదని పరిమితి పెట్టింది ఇందుకే. ఆ ఆయిల్‌నే తీసుకెళ్లి డీజిల్‌లో కలిపి కాలుస్తామంటే ఏం చెప్పాలి? కొందరు షెడ్లలో పాత ఆయిల్‌ని గుడ్డతో వడకట్టి సొంతంగా డీజిల్ ట్యాంకులో పోసేస్తుంటారు. బీఎస్ 6 బండిలో అలా చేస్తే డీజిల్ చిమ్మే కామన్ రైల్ ఇంజెక్టర్లు, డీపీఎఫ్ రెండింటికీ ఎసరు పెట్టినట్టే.

## సెన్సార్, ల్యాబ్ టెస్టు

ఈ రెండూ ఆయిల్‌ని తాజాగా ఉంచవు. ఎప్పుడు మార్చాలో చెబుతాయి. కొత్త బండ్లలో కంప్యూటరే లోడు, వేడి, స్టార్టులు చూసి ఆయిల్ ఆయుష్షు లెక్కగడుతుంది. కానీ ఎయిర్ పైపు దగ్గర క్లిప్ వదులై దుమ్ము పోతుంటే ఆ లెక్కకి ఏమీ తెలియదు.

ల్యాబ్ టెస్టుకి మాత్రం తెలుస్తుంది. సిలికాన్ పెరిగితే దుమ్ము, ఇనుము పెరిగితే అరుగుదల, సోడియం పెరిగితే చాలాసార్లు కూలెంట్ లీకు. పెద్ద ఆయిల్ కంపెనీలు ఫ్లీట్ కస్టమర్లకి ఈ సేవ ఇస్తాయి, డీలర్‌ని అడగండి. శాంపిల్ ఇంజన్ వేడిగా ఉన్నప్పుడు తీయాలి. డ్రెయిన్ చేస్తూ తీస్తుంటే మొదట వచ్చేదీ, చివర వచ్చేదీ కాకుండా మధ్యలో కారేదాన్ని శుభ్రమైన సీసాలో పట్టాలి. కూల్‌డ్రింక్ సీసా కడిగి పట్టి పంపితే రిపోర్టు దేనికీ పనికిరాదు.

| ఏర్పాటు | మేలు | చేయలేనిది | మీరు చేయాల్సింది | డీపీఎఫ్ బండికి |
|---|---|---|---|---|
| బైపాస్ ఫిల్టర్ | సన్న రేణువులు పడుతుంది | డీజిల్ తీయదు, మందులు ఇవ్వదు | ఎలిమెంట్ మార్చాలి, హోస్ చూడాలి | పెట్టవచ్చు |
| సెంట్రిఫ్యూజ్ | మసి ముద్ద బాగా తీస్తుంది | తక్కువ ప్రెషర్‌లో పనిచేయదు | విప్పి కడగాలి | పెట్టవచ్చు |
| టాప్‌అప్ ట్యాంకు | లెవెల్, మందులు నిలుస్తాయి | మురికి తీయదు | వారం వారం రాసుకోవాలి | సరైన గ్రేడ్ ఆయిల్‌తో పెట్టవచ్చు |
| కాల్చి నింపే పద్ధతి | బండి ఆపక్కర్లేదు | ఆయిల్ ఖర్చు తగ్గించదు | కొత్త ఆయిల్ ట్యాంకుని గమనించాలి | వద్దు |
| ల్యాబ్ టెస్టు | అసలు జబ్బు చెబుతుంది | ఏదీ బాగుచేయదు | శాంపిల్ సరిగ్గా తీయాలి | అందరికీ మంచిదే |

## ఎవరికి ఏది

హైవే మీద తిరిగే ట్రైలర్లు, లారీలు. కృష్ణపట్నం పోర్టు నుంచి లోడు ఎత్తేవాళ్లు, నెల్లూరు బియ్యం చెన్నైకి వేసేవాళ్లు, ఎన్‌హెచ్ 16 మీదే బతుకుతున్నవాళ్లు ఈ రకం. ఇంజన్ ఒకే స్పీడులో, సరైన వేడిలో, శుభ్రమైన గాలిలో తిరుగుతుంది. కొత్త బండ్లకి కంపెనీలే చాలా ఎక్కువ కిలోమీటర్ల గడువు ఇస్తున్నాయి. ఒక లెక్క వేద్దాం, అంకెలు మీ రేట్లతో మార్చుకోండి. 20 లీటర్ల ఆయిల్, లీటరు 300 అనుకుంటే 6,000. ఫిల్టర్లు, కూలీ 2,000. మొత్తం 8,000. ఏడాదికి లక్ష కిలోమీటర్లు, యాభై వేలకోసారి సర్వీసు అంటే 16,000. బైపాస్ పెట్టి గడువు రెట్టింపు చేస్తే 8,000 మిగులుతుంది. ఏడాదికి రెండు ఎలిమెంట్లకి 5,000 పోతే చేతిలో మిగిలేది 3,000. కిట్ 30,000 అయితే అది తిరిగి రావడానికి పదేళ్లు. ఈలోపు బండి అమ్మేస్తారు. ఒకటి రెండు బండ్లవాళ్లు దీని జోలికి పోవద్దని నా మాట. మంచి గ్రేడ్ ఆయిల్, అసలు ఫిల్టర్లు, ఏడాదికో ల్యాబ్ టెస్టు చాలు.

చీమకుర్తి క్వారీల్లో ప్రొక్లెయిన్లు, లోడర్లు. ఇక్కడ లెక్క తిరగబడుతుంది. 25 లీటర్ల ఆయిల్ 7,500, ఫిల్టర్లు వగైరా 2,500, అంటే సర్వీసుకి 10,000. ఏడాదికి 2,500 గంటలు, 250 గంటలకోసారి మార్పు అయితే పది సర్వీసులు, లక్ష రూపాయలు. గడువు 500 గంటలకి పెంచగలిగితే 50,000 మిగులుతుంది. ఎలిమెంట్ల మీద 25,000 పోయినా మిగిలిన 25,000తో కిట్ ఖర్చు ఏడాదీ రెండు మూడు నెలల్లో వచ్చేస్తుంది. మిషన్ ఐదుసార్లు ఆగకపోవడం అదనం. గడువుని మాత్రం ఒక్కసారిగా పెంచకూడదు. 250 గంటల దగ్గర, 350 దగ్గర, 500 దగ్గర శాంపిల్ పంపి, టీబీఎన్, సిలికాన్, ఇనుము సరిగ్గా ఉంటేనే ముందుకి పోవాలి. మీ మిషన్‌కి కంపెనీ ముందే 500 గంటల గడువు ఇచ్చి ఉంటే మిగులు సగానికి పడిపోతుంది, అప్పుడు తొందరపడక్కర్లేదు.

క్వారీ వాళ్లకి ఇంకో మాట. ఏ కిట్ బిగించే ముందైనా ఎయిర్ క్లీనర్ నుంచి టర్బోకి పోయే పైపు విప్పి లోపల వేలు పెట్టి తుడవండి. వేలికి రాతి పొడి అంటితే మీ సమస్య ఆయిల్‌ది కాదు. క్లిప్ వదులైందో, రబ్బరు చిట్లిందో, ఎలిమెంట్‌ని కంప్రెసర్ గాలితో కొట్టీ కొట్టీ చిల్లులు పడ్డాయో చూడండి. వందల రూపాయలతో అయిపోయే పని అది. దాన్ని వదిలేసి వేలు పోసి బైపాస్ పెడితే, పొడి సిలిండర్ బోరుని అరగదీశాకే ఫిల్టర్‌కి చేరుతుంది.

క్వారీ, ఇసుక, బొగ్గు టిప్పర్లు. మధ్య రకం. ఐదారు బండ్లుండి సొంత మెకానిక్ ఉంటే, బీఎస్ 4 బండ్లకి సెంట్రిఫ్యూజ్ నాకు నచ్చుతుంది, ఎలిమెంట్ ఖర్చు ఉండదు కాబట్టి. బీఎస్ 6 టిప్పర్లలో ఇంకో తంటా ఉంది. ఎక్కువసేపు స్లోలో నిలబడితే డీపీఎఫ్ మాటిమాటికీ రీజనరేషన్‌కి, అంటే పట్టిన మసిని కాల్చుకునే పనికి, పోతుంది. కొన్ని ఇంజన్లలో అందుకోసం సిలిండర్‌లోకే అదనపు డీజిల్ కొడుతుంది, అందులో కొంత ఆయిల్‌లోకి దిగుతుంది. పుల్ల మీద లెవెల్ పెరుగుతుంటే ఏ ఫిల్టరూ రక్షించదు, ఆయిల్ దించేయడమే. ఇలాంటి బండికి కాటా లైన్లో ఇంజన్ ఆపడం అన్ని కిట్లకంటే ఎక్కువ మేలు చేస్తుంది. డ్రైవర్ ఏసీ కావాలంటాడు, ఆ గొడవ మీరూ మీరూ తేల్చుకోండి.

రొయ్యల చెరువుల జనరేటర్లు. బండి కాకపోయినా అడిగేవాళ్లు ఎక్కువ కాబట్టి చెబుతున్నా. విడవలూరు, ఇందుకూరుపేట వైపు కరెంటు పోయిన రాత్రి నీళ్లకి గాలి అందించే ఏరేటర్లు ఆగకూడదు. చెరువు గట్టున జనరేటర్ ఒక్కటే ఆధారం. ఇక్కడ ఆయిల్ మిగల్చడం కంటే లెవెల్ తగ్గి ఇంజన్ ట్రిప్ కాకుండా చూడటం ముఖ్యం. సాదా టాప్‌అప్ ట్యాంకు సరిగ్గా సరిపోయేది వీళ్లకే. 2023 జూలై తర్వాత వచ్చిన సీపీసీబీ 4 ప్లస్ (జనరేటర్ల పొగ నిబంధన) సెట్ అయితే కంపెనీ చెప్పిన గ్రేడే ట్యాంకులో పోయాలి, లూజ్ ఆయిల్ వద్దు. ఏడాదిలో తక్కువ గంటలే తిరిగినా ఆయిల్ ఏటా ఒకసారి మార్చాలి. ఉప్పు గాలి, తేమ ఉన్నచోట నిలవ ఉన్న ఆయిల్ కూడా చెడుతుంది.

## బేరం మాట్లాడేటప్పుడు

ఎలిమెంట్ ధర ముందే అడగండి, అది నెల్లూరులోనో ఒంగోలులోనో దొరుకుతుందా, చెన్నై నుంచి తెప్పించాలా అన్నది కూడా. నాజిల్ రంధ్రం సైజు అడగండి. చెప్పలేకపోతే అతనికి తను అమ్మేదేమిటో తెలియదు. మీలాంటి ఇంజన్‌కే బిగించిన బండి ల్యాబ్ రిపోర్టు, ముందుదీ తర్వాతదీ చూపించమనండి, నోటిమాట వద్దు. కిట్ పెట్టినా పెట్టకపోయినా దించిన పాత ఆయిల్ 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల కిందకి వస్తుంది, అనుమతి ఉన్న రీసైక్లర్‌కే ఇవ్వాలి. బండి వారంటీలో ఉంటే ఈ కిట్ బిగించినా వారంటీ పోదని డీలర్ చేత కాగితం మీద రాయించుకోండి. రాసివ్వడానికి డీలర్ ఒప్పుకోకపోతే వారంటీ అయ్యేదాకా ఆగండి, అప్పటికి అదే కిట్ ఇంకొంచెం తక్కువకే రావచ్చు.